రెండు చెవులూ టక్‌మనాలి

వర్క్‌షాపు, రెండో అంతస్తు
జనవరి 8

ప్రియమైన తమ్ముడూ,

బాగున్నావనే అనుకుంటున్నాను. బాగోకపోయినా నువ్వు రాయవు కాబట్టి అనుకోవడమే దిక్కు. ఆకాశంలోంచి వచ్చే సన్నని చప్పుళ్లు వినే పెద్ద టెలిస్కోపు గిన్నె పక్కన ఉద్యోగమనీ, చుట్టుపక్కల ఒక్క సెల్‌ఫోను కూడా మోగకూడదనీ నువ్వు చెప్పినప్పుడు గర్వంగానే ఉండేది. ఇప్పుడు నీతో అవసరం పడ్డాక ఒళ్లు మండుతోంది. వారానికొకసారి జీపు వచ్చి ఉత్తరాల సంచి పట్టుకెళ్తే తప్ప మనిషితో మాట్లాడే వీల్లేదు, ఇదేం ఉద్యోగంరా?

సంగతి చెబుతాను. మా పోస్టమ్మ గుర్తుంది కదా, పదకొండేళ్లుగా ఉత్తరాలు తెచ్చిచ్చిన మనిషి. మొన్న వానల్లో లారీ తగిలి ఎడమ కాలు మోకాలి కిందనుంచి తీసేశారు. పెట్టుడు కాలు చేసే పని నాకే వచ్చింది. ఏప్రిల్ పదహారున వాళ్ల ఆఫీసు డాక్టర్ల ముందు భుజాన సంచితో రెండు కిలోమీటర్లు నడిచి, నలభై మెట్లు ఎక్కి దిగాలి. నడిస్తే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే ఇంట్లో కూర్చోమంటారు. ఆమె సంపాదన మీద ఇంకో ముగ్గురు బతుకుతున్నారు.

రెండుసార్లు ప్లాస్టర్ అచ్చు తీశాను. రెండూ కుదరలేదు, ఎందుకని అడక్కు. ఎముక కొసన ఆమెకొక నరముంది, అక్కడ మిల్లీమీటరు తేడా వస్తే ప్రాణం జివ్వుమంటుందట. అందుకని మూతపడిన ఆస్పత్రి ఒకటి అమ్మేస్తుంటే కాలిని చుట్టూ చూసి కొలిచే స్కానర్ కొన్నాను. కాలి ఆకారం కంప్యూటర్లో సరిచేసి ఆ ఫైలు ఇస్తే, పక్క వీధిలో ఒక షాపువాళ్లు ఫోము దిమ్మను అదే కొలతకు చెక్కిస్తారు. దాని మీద నేను సాకెట్ పోస్తాను. సాకెట్ అంటే తెలుసుగా, మిగిలిన కాలు దూరే గిన్నె. నీకూ గిన్నే, నాకూ గిన్నే.

కానీ నా పాత కంప్యూటరు ఆ ఫైలు తెరవగానే నిలువుగుడ్లు వేసుకుని చూస్తుంది. 'మెమరీ చాలదు' అంటుంది, చచ్చి ఊరుకుంటుంది. ఇవాళ ఏడుసార్లు. ఈ పనికి సరిపోయే కొత్తది తయారుగా లేదని, తెప్పించడానికి రెండు నెలలు ఆగమని షాపులో అన్నారు. నువ్వు రోజంతా కంప్యూటర్ల మధ్య ఉంటావు కదా. ఏవేం కొనాలో రాయి. త్వరగా.

అక్క

*

గిన్నె కింద
జనవరి 17

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. పోస్టమ్మ సంగతి చదివి మనసు పాడైంది. ఇంటికొచ్చినప్పుడల్లా నన్ను 'మీ అక్కయ్యకు అచ్చరాలు కొంచెం పెద్దవి రాయండి బాబూ' అని తిట్టేది.

కంప్యూటరు విషయంలో నువ్వేమీ కంగారు పడకు, నేనున్నాను. పాతదాంట్లో మెమరీ పెంచి లాభం లేదు, దాని బోర్డు ఎనిమిది జీబీ దాటి మోయదు. రెడీమేడ్ కూడా వద్దు. విడివిడిగా కొని మనమే కట్టుకోవాలి. అప్పుడే ఏ వస్తువు ఎందుకుందో మనకు తెలుస్తుంది. వేరే కాగితం మీద అంతా రాశాను: ప్రాసెసర్, మదర్‌బోర్డు, పదహారు జీబీ చొప్పున రెండు మెమరీ పట్టీలు, గ్రాఫిక్స్ కార్డు, కరెంటు డబ్బా, క్యాబినెట్. మెమరీ నాలుగో తరానిది. ఒక్క అక్షరం తేడా లేకుండా అవే కొను. ఒకదానికొకటి పొత్తు కుదరాలి, అదే ఇందులో ఉన్న కిటుకంతా.

షాపువాడు అమర్చి ఇస్తానంటాడు, ఒప్పుకోకు. కాళ్లు చేసే నీ చేతులకు ఈ నాలుగు మరలు ఒక లెక్కా? బోర్డు మీద మెమరీ స్లాట్లకు చివర్లో చెవుల్లాంటి క్లిప్పులుంటాయి. పట్టీ పెట్టి నొక్కితే రెండు చెవులూ వాటంతట అవే టక్‌మని మూసుకుంటాయి. అంతే.

ఇక్కడ పని ఎప్పటిలాగే ఉంది. చాలా బాధ్యతగల పని, నీకు తెలుసు కదా.

తమ్ముడు

*

వర్క్‌షాపు
ఫిబ్రవరి 2

కంప్యూటర్ పండితుడికి,

నాలుగు మరలు అన్నావు. ముప్పై ఆరున్నాయి, లెక్కపెట్టాను. అందులో మూడు బల్ల కింద పడి కనిపించకుండా పోయాయి. క్యాబినెట్ అంచు తగిలి మోచేయి గీరుకుపోయింది. ముందువైపు బటన్ తీగలు చీమ తలకాయంత ఉన్నాయి, వాటిని ఎక్కడ గుచ్చాలో చూపించే పుస్తకంలో బొమ్మ ఇంకా చిన్నగా ఉంది. భూతద్దం పెట్టి చూస్తే తప్ప ఏ తీగ ఎక్కడిదో తెలియలేదు. ప్రాసెసర్ మీద ఫ్యాను బిగించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

రెండు రోజులు పట్టింది. నువ్వు చెప్పినవన్నీ తెచ్చాను, నువ్వు చెప్పినట్టే పెట్టాను. స్విచ్ వేశాను. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. రంగురంగుల దీపాలు వెలిగాయి. తెర మాత్రం బొగ్గులా నల్లగా ఉంది. గంట చూశాను. నల్లగానే ఉంది.

పోస్టమ్మ ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. సామాన్ల లిఫ్టులో పైకొచ్చింది, పాపం. కాళ్లు లేనివాళ్లకు రెండో అంతస్తులో కాళ్లు అమ్మే తెలివి నాకు తప్ప ఎవరికుంటుంది? 'పోనీలెండమ్మా, దీపాలు బాగున్నాయి' అంది. నన్ను ఓదార్చడానికి అన్నదో, ఎగతాళికి అన్నదో ఇప్పటికీ తెలియడం లేదు.

ఏం తప్పు జరిగిందో వెంటనే రాయి.

అక్క

*

గిన్నె కింద
ఫిబ్రవరి 11

అక్కా,

ఇది మామూలే. మొదటిసారి కట్టేటప్పుడు అందరికీ ఇలా జరుగుతుంది. (నాకూ జరిగింది.)

తెర తీగ బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకు గుచ్చావా చూడు. ప్రాసెసర్ దగ్గర ఎనిమిది కాళ్ల కరెంటు తీగ ఒకటి విడిగా ఉంటుంది, అది మరిచిపోయావేమో చూడు. బోర్డు మూలన నాలుగు చిన్న దీపాలుంటాయి. వాటిలో రెండోది ఆరకుండా ఉంటే గొడవ మెమరీదే. అప్పుడు రెండు పట్టీలూ తీసేసి, ఒక్కదాన్నే, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్లో పెట్టి చూడు. చెవులు టక్‌మన్నాయా లేదా అన్నది ముఖ్యం. టక్‌మన్నాయా?

నువ్వు ఏది ఎలా చేశావో పూసగుచ్చినట్టు రాయాలక్కా. 'చెప్పినట్టే పెట్టాను' అంటే ఇంత దూరం నుంచి నాకేం అర్థమవుతుంది? నాకూ విసుగే.

తమ్ముడు

*

వర్క్‌షాపు
ఫిబ్రవరి 22

ఒరేయ్,

విసుగట, నీకు! పోస్టమ్మ బదులు వచ్చిన కొత్తాయన రెండు అంతస్తులు ఎక్కలేక నీ ఉత్తరం కింద టైర్ల కొట్టులో పడేసి పోయాడు. నాలుగు రోజుల తర్వాత నూనె మరకలతో నా చేతికొచ్చింది. ఆ సంగతి విని పోస్టమ్మకు వచ్చిన కోపం చూడాలి. కర్రలు చంకలో పెట్టుకుని లేచి నిలబడింది, ఇప్పుడే పోయి వాణ్ణి కడిగేస్తానంది. కూర్చోబెట్టడం నా తరం కాలేదు.

పూసగుచ్చినట్టు కావాలన్నావుగా, చదువు. తెర తీగ గ్రాఫిక్స్ కార్డుకే ఉంది. ఎనిమిది కాళ్ల తీగ ఉంది. రెండో దీపం ఎర్రగా వెలుగుతోంది, ఆరి చావదు. పట్టీ ఒకటి తీశాను, రెండోది పెట్టాను, స్లాట్లు మార్చాను, పదిసార్లు. నీ టక్కూ లేదు, టిక్కూ లేదు. ఒక చెవి మూసుకుంటుంది, రెండోది సగంలో ఆగుతుంది. పట్టీలు సరిగ్గానే కూర్చున్నాయి, కూర్చునేలా చేశాను. అందులో ఏ తప్పూ లేదు, దాని గురించి మళ్లీ అడక్కు.

ఇంకేమిటి? నువ్వు రాసిన బోర్డు ఇప్పుడు రావడం లేదట, షాపువాడు దాని తర్వాతది ఇచ్చాడు. 'మీరు రాసుకొచ్చినదానికంటే ఇది కొత్తదమ్మా, ఇంకా మంచిది' అన్నాడు. ప్రాసెసర్ అందులో చక్కగా కూర్చుంది, మరల రంధ్రాలన్నీ కలిశాయి. కాబట్టి గొడవ అది కాదు.

ఏప్రిల్ పదహారుకు ఇంక యాభై మూడు రోజులు. పోస్టమ్మ వారానికి రెండుసార్లు వస్తోంది. బల్ల మీద మిగిలిన మరలను వరసగా పేర్చి తన వీధులు అప్పజెబుతూ ఉంటుంది, ఏ ఇంటికి కుక్క ఉంది, ఏ ఇంటి మెట్లకు పట్టు లేదు అని. మరిచిపోతానేమోనని భయమట. ఆవిడ ముందు నేను స్విచ్ వేస్తాను, తెర నల్లగా ఉంటుంది, ఇద్దరం దాన్నే చూస్తాం. ఎంత సిగ్గుగా ఉంటుందో నీకు తెలియదు.

ఒక్క మాట సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నువ్వు ఎప్పుడైనా నీ చేత్తో ఒక కంప్యూటరు కట్టావా?

అక్క

*

గిన్నె కింద
మార్చి 3

అక్కా,

లేదు.

ఇంత రాసి రెండు రోజులు కలం పక్కన పెట్టేశాను. ఇప్పుడు మిగిలింది రాస్తాను.

నేను పనిచేసేది కంప్యూటర్ల మధ్య కాదు. ఈ గిన్నె గుండ్రటి పట్టాల మీద తిరుగుతుంది, దానికి పదహారు చక్రాలున్నాయి. వాటికి గ్రీజు పెట్టేది నేను. కంప్యూటర్లున్న గదిలోకి వారానికొకసారి వెళ్తాను, బూట్లు బయట విప్పి, గ్రీజు పుస్తకంలో సంతకం పెట్టడానికి. ఉద్యోగం వచ్చిన కొత్తలో నువ్వు వచ్చినవాళ్లందరికీ 'మా తమ్ముడు కంప్యూటర్లతో పనిచేస్తాడు' అని చెబుతుంటే కాదనలేకపోయాను. తర్వాత కాదనడానికి ఆలస్యమైపోయింది. తొమ్మిదేళ్లు తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

నీకు రాసిన జాబితా ఇక్కడి ఇంజనీరమ్మది. భోజనం దగ్గర అడిగి రాసుకున్నాను. ఆమె కట్టుకున్న యంత్రం రెండేళ్ల నాటిదని, ఈలోగా బోర్డులు మారిపోతాయని అడగాలన్న ఇంగితం నాకు లేకపోయింది. 'నాకూ జరిగింది' అని బ్రాకెట్లో రాసింది కూడా అబద్ధమే.

నీ ఉత్తరం చూశాక సిగ్గు విడిచి ఆమెకు అంతా చెప్పాను. బోర్డు మారిన సంగతి వినగానే నెత్తి కొట్టుకుంది. ఆ కొత్త బోర్డు అయిదో తరం మెమరీ మాత్రమే తీసుకుంటుందట. మనం కొన్నది నాలుగో తరానిది. రెండిటి పొడవూ ఒకటే, కానీ పట్టీ అంచున ఉండే గాటు ఒకదానిలో ఉన్నచోట ఇంకోదానిలో ఉండదు. పొరపాటున ఒకదాని బదులు ఒకటి పెట్టకుండా ఉండటానికే అలా చేస్తారట. 'అసలు స్లాట్లో దిగదే! మీ అక్కగారు దించానని ఎలా అంటున్నారు?' అంది. 'ఎవరైనా ఆకురాయి పట్టి అరగదీస్తే తప్ప' అని నవ్వింది.

నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాను. చిన్నప్పుడు నా స్కూలు పెట్టె మూత పడకపోతే ఆకురాయితో రాసి మూసిన మనిషివి నువ్వు. వంటింటి తలుపూ అంతే, కళ్లజోడు కాడా అంతే. పెళ్లినాడు నా ఉంగరం బిగుతైతే పది నిమిషాల్లో లోపల రాసి తెచ్చావు.

అక్కా, నువ్వు గాని...?

తమ్ముడు

*

వర్క్‌షాపు
మార్చి 10

తమ్ముడూ,

అవును. రాశాను. సన్న ఆకురాయితో, ఒక్కోదానికి ఇరవై నిమిషాలు, పాత గాటు పక్కన కొత్త గాటు. రెండు పట్టీలకూ. బోర్డు స్లాట్లోని అడ్డును కూడా కొంచెం. ఇప్పుడు నవ్వుకోండి ఇద్దరూ.

పదిహేడేళ్లుగా నా పనే అది. కాలు గిన్నెలో కుదరకపోతే గిన్నెను రాస్తాను, కుదిరేదాకా రాస్తాను. వస్తువు కుదరనంటే మనిషి వెనక్కి తగ్గాలని నాకెవరూ నేర్పలేదు. నువ్వు రాసిన వస్తువది, నువ్వు రాసిన తరం, కాబట్టి తప్పు కొలతలో ఉండదనుకున్నాను. కంప్యూటర్లతో పనిచేసేవాడి మాట కదా!

నీ మీద ఎంత కోపంగా ఉందో చెప్పలేను. గ్రీజు పెడతానని చెబితే మేం నిన్ను ఇంట్లోంచి గెంటేస్తామా? పదహారు చక్రాలు సరిగ్గా తిరక్కపోతే ఆ గిన్నె దేనికి పనికొస్తుంది? అది చెప్పుకోవడానికి నీకేం తక్కువైంది? నాలుగు పేజీల తిట్లు రాసి చించేశాను. చించడానికి కారణముంది.

మామూలు మనిషైతే పట్టీ అడ్డు తగలగానే ఆగేవాడు. తగిలినట్టు నా వేళ్లకు తెలియలేదురా. నొక్కుతూనే ఉన్నాను. కిర్రుమన్న చప్పుడు విని అప్పుడు చూశాను.

రెండేళ్లుగా ఇంతే. సాకెట్లు అరగదీసే గ్రైండర్ అదురుకు కుడిచేతి వేళ్లు మొద్దుబారాయి. చలిగా ఉన్న పొద్దున సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. గుండీ పెట్టుకునేటప్పుడు గుండీ తెలియదు. తడి ప్లాస్టర్ మీద బొటనవేలు ఆనిస్తే లోపల ఎముక అంచు ఎక్కడుందో, మెత్తన ఎక్కడుందో తెలియాలి. పని అంటే అదే, మిగతాదంతా సామాను. అది పోయింది. పోస్టమ్మ అచ్చులు రెండూ అందుకే చెడ్డాయి. ఆ నరం నా వేలి కిందే ఉంది, రెండుసార్లూ నాకు దొరకలేదు. వేళ్లకు తెలియనిది కంటితోనైనా చూసి చేద్దామని ఆ స్కానర్ కొన్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే నా దగ్గరికి కాళ్లకు ఎవరొస్తారు?

ఇది చదివి జాలిపడుతూ ఉత్తరం రాశావో, చంపేస్తాను. ఏం కొనాలో రాయి. ఈసారి ఆ ఇంజనీరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని రాయి. ముప్పై ఏడు రోజులున్నాయి.

అక్క

*

గిన్నె కింద
మార్చి 18

అక్కా,

జాలిపడలేదు. సెలవు అడిగాను. ఇక్కడ పట్టాలు మారుస్తున్నారు, నెలన్నరదాకా నన్ను కదలనివ్వనన్నారు. మా ఆఫీసు పెద్దాయనతో పోట్లాడాను కూడా, లాభం లేకపోయింది.

ఈసారి రాసేది చూసి రాస్తున్నాను. ఇంజనీరమ్మ స్టోరులోంచి పాత యంత్రం ఒకటి తీయించి నా ముందు పెట్టింది. నాచేత మొత్తం విప్పించి మళ్లీ కట్టించింది. మెమరీ పట్టీ పదకొండుసార్లు పెట్టి తీశాను. బలం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో ఇప్పుడు నాకు తెలుసు. గాటు కలిసిందంటే పట్టీ తనంతట తనే కొంచెం దిగి నిలబడుతుంది. అది దిగకుండా నొక్కావంటే పప్పులో కాలేసినట్టే.

బోర్డును షాపుకు పట్టుకెళ్లి బతికుందో లేదో చూపించు. సిగ్గుపడకు. పోయి ఉంటే అదే రకం ఇంకొకటి తీసుకో, ప్రాసెసర్ దానికి పనికొస్తుంది. ఆ బోర్డు చేసినవాళ్లు దాంతో ఏయే మెమరీలు నడుస్తాయో పరీక్షించి జాబితా వేస్తారట. షాపువాణ్ణి ఆ జాబితా తీయమని, అందులో ఉన్నదే అడుగు. అయిదో తరం, పదహారువి రెండు, ఒకే ప్యాకెట్‌లోవి. వేర్వేరు ప్యాకెట్లవి కలిపితే ఒక్కోసారి పేచీ పెడతాయట. నెత్తిన ఎత్తైన రేకులున్నవి వద్దు, ప్రాసెసర్ ఫ్యానుకు తగులుతాయి. ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటూ, నాలుగో స్లాటూ.

ఇంకొకటి, ఇది మరిచిపోతే మళ్లీ మొదటికొస్తుంది. అయిదో తరం మెమరీ మొదటిసారి పెట్టినప్పుడు బోర్డు దాన్ని పరీక్షించుకుంటుందట. అయిదు నిమిషాలు, ఒక్కోసారి పది నిమిషాలు, తెర నల్లగానే ఉంటుంది. చచ్చిపోయిందనుకుని స్విచ్ కట్టేయకు. నీ సంగతి నాకు తెలుసు. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చో.

ఆఖరి మాట. పట్టీ నువ్వు పెట్టకు. వేళ్లకు స్పర్శ తెలిసేవాళ్లచేత పెట్టించు. పోయి డాక్టరుకు చెయ్యి చూపించు.

ఆ అరగదీసిన పట్టీ ఒకటి ఇంజనీరమ్మ అడుగుతోంది, గదిలో గోడకు తగిలిస్తుందట.

తమ్ముడు (గ్రీజు పెట్టేవాడు)

*

వర్క్‌షాపు
మార్చి 29

తమ్ముడూ,

బోర్డు పోయింది. షాపువాడు నా పట్టీలను వెలుతురుకు పట్టి చూసి, లోపలున్న నలుగురినీ కేకేశాడు. అయిదుగురూ చుట్టూ మూగారు. 'ఇరవై ఏళ్లుగా షాపు నడుపుతున్నానమ్మా, ఇలాంటిది చూడలేదు. రాసింది మాత్రం భలే నున్నగా రాశారు' అన్నాడు. భూమిలోకి కుంగిపోయాను. 'ఇంకా మంచిదని బోర్డు అంటగట్టినప్పుడు మెమరీ సంగతి నువ్వెందుకు చూడలేదయ్యా?' అని నేనూ వదల్లేదు. తల గోక్కున్నాడు. జాబితా తీసి, అందులోదే వెతికి ఇచ్చాడు.

తిరిగొచ్చాక పోస్టమ్మను బల్ల దగ్గర కూర్చోబెట్టాను. 'ఇది మీరు పెట్టాలి' అన్నాను. 'నాకేం తెలుసమ్మా?' అంది. అప్పుడు నా చెయ్యి చూపించి అంతా చెప్పేశాను. మీ కాలికి రెండుసార్లు అచ్చు చెడగొట్టింది నా వేళ్లేనని కూడా చెప్పాను. 'ముందే చెప్పొచ్చు కదండీ, నా కాలే వంకరేమోనని రెండు నెలలు ఏడ్చాను' అంది.

ఆమె వేళ్లు చూడాలి నువ్వు. పదకొండేళ్లు కవర్లు తడిమిన వేళ్లు, కట్టలో రెండు కాగితాలు అతుక్కుంటే చూడకుండా చెబుతాయి. నీ ఉత్తరం గట్టిగా చదివాను, ఆమె ఆ ప్రకారం పెట్టింది. 'దిగింది' అంది. నొక్కింది. టక్. ఇంకో చివర టక్. ఆ చప్పుడు వినాలని నేను రెండు నెలలుగా చస్తున్నాను. కళ్లనీళ్లు తిరిగాయి, ఫ్యాను దుమ్మని అబద్ధమాడాను.

స్విచ్ వేశాం. తెర నల్లగా ఉంది. ఒక నిమిషం, రెండు. మూడో నిమిషానికి నా చెయ్యి స్విచ్ మీదికి పోయింది. పోస్టమ్మ కర్రతో నా చేతిమీద ఒక్కటి వేసింది, నిజంగానే. 'పది నిమిషాలని మీ తమ్ముడు రాశాడు కదా, కూర్చోండి' అంది. నీ మాటకు ఇంత విలువిచ్చే మనిషి ఈ లోకంలో ఉంటుందని నేననుకోలేదు. ఏడో నిమిషంలో వెలిగింది.

ఫైలు తెరుచుకుంది. ఆమె కాలు తెర మీద గిర్రున తిరిగింది. నరం ఉన్నచోటు ఆమె వేలు పెట్టి చూపించింది, అక్కడ రెండు మిల్లీమీటర్లు ఎత్తాను. ఫోము చెక్కించాను, సాకెట్ పోశాను. మొదటిసారి వెనకవైపు కరిచింది, మళ్లీ చెక్కించాను. ఇప్పుడు గదిలో నడుస్తోంది. ఇంకా కుంటుతోంది. పద్దెనిమిది రోజులు చాలతాయో లేదో నాకు తెలియదు. డాక్టరు ఆరు నెలలు గ్రైండర్ ముట్టవద్దన్నాడు, ఎవరు నడుపుతారని అడిగితే ఆయన దగ్గర దానికి మందు లేదు.

అక్క

*

గిన్నె కింద
ఏప్రిల్ 20

అక్కా,

పదహారు దాటి నాలుగు రోజులైంది. జీపు ఇవాళ వచ్చింది, నీ ఉత్తరం లేదు. ఇంజనీరమ్మ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అడుగుతోంది. వంటాయన కూడా అడుగుతున్నాడు. పదిమందిమి ఇక్కడ ఆకాశం సంగతి వదిలేసి పోస్టమ్మ కాలి గురించి కొట్టుకులాడుతున్నాం.

నడిచిందా లేదా? ఒక్క ముక్క రాసి పడెయ్యలేవా? ఎన్నడూ లేనిది కళ్లు కాయలు కాసేలా చూస్తుంటే ఇప్పుడే నీకు తీరిక లేకుండా పోయిందా?

తమ్ముడు

*

వర్క్‌షాపు
ఏప్రిల్ 27

తమ్ముడూ,

రాయనిది కావాలనే. పదహారున నడిచింది, మెట్లెక్కింది. అయినా డాక్టర్లు అక్కడికక్కడ ఏమీ చెప్పలేదు. కాగితం పోస్టులో వస్తుందన్నారు, ఆమె నా చిరునామానే ఇచ్చింది. వచ్చేదాకా నేను ఏం రాయను? రోజూ ఇద్దరం ఆ కొత్తాయన కోసం మెట్లవైపు చూడటం, ఆయన కింద టైర్ల కొట్టులోనే ఆగి పోవడం. ఆ కాగితం కూడా టైర్ల కిందే ఉందనుకున్నాను. వెళ్లి వెతికాను కూడా.

ఇవాళ పొద్దున పదకొండు గంటలకు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. లిఫ్టు బాగానే పనిచేస్తోంది, అయినా ఎవరో మెట్లే ఎక్కుతున్నారు. పని ఆపి విన్నాను. ముప్పై నాలుగు మెట్లు. మధ్యలో మలుపు దగ్గర ఆగలేదు.

తలుపు దగ్గర పోస్టమ్మ నిలబడి ఉంది, యూనిఫారంలో, భుజాన సంచితో. ఆయాసపడుతోంది. 'ఉత్తరం' అంది, పదకొండేళ్లుగా అన్నట్టే, ఏమీ జరగనట్టు. శనివారమే కాగితం వచ్చిందట, టైర్ల కొట్టులోంచి తనే తీసుకుని నాకు చెప్పకుండా దాచింది. నీ ఇరవయ్యో తారీకు ఉత్తరం చేతిలో పెట్టి, 'మీ తమ్ముణ్ణి అచ్చరాలు పెద్దవి రాయమనండి, వీధి పేరు చదవలేక చచ్చాను' అని తిట్టింది. నేను ఏడుస్తున్నాను, ఆవిడేమో తీరిగ్గా నీ దస్తూరీని తిడుతోంది. కూర్చోమంటే కూర్చోలేదు. ఇంకా నలభై ఇళ్లున్నాయట.

ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తాను. కవర్లో అరగదీసిన పట్టీ పెట్టాను, గోడకు తగిలించమను. నువ్వు సెలవు దొరకగానే రా, గ్రైండర్ పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. చక్రాలకు గ్రీజు పెట్టిన చేతులైతే పనికొస్తాయి.

ఒక్కటే చిరాకుగా ఉంది. ఆమె దిగుతుంటే తలుపు దగ్గర నిలబడి కిందిదాకా విన్నాను. ఎడమ అడుగు కుడిదానికంటే కొంచెం గట్టిగా పడుతోంది. మడమ దగ్గర సరిచేయాలి. రేపు డ్యూటీ అయ్యాక రమ్మని మెట్ల మీదినుంచి కేకేశాను, 'మెట్లెక్కే వస్తాను' అంది.

అక్క